నలభై చుట్ల తీగ

కొంటా ఊళ్లో ఉప్పలయ్య పొద్దున లేవగానే చేసే మొదటి పని కిన్నెరకు తీగ మార్చడం. రెండో పని ఆ మార్చినందుకు గొణగడం. ఏ రోజు ఏ తీగ ఎక్కించాలన్నది ఆయన చేతిలో లేదు, వాకిట్లో వచ్చి కూర్చున్న ఆడవాళ్ల చేతిలో ఉంది. శబరి ఏటి అవతల గొడ్లు కాసే మొగుణ్ణి అన్నానికి పిలవాలంటే ఏడు చుట్ల తీగ. దోర్నపాల్ సంతకు పోయినవాడికి ఉప్పు మరవొద్దని చెప్పాలంటే పన్నెండు చుట్లది. జగదల్‌పూర్‌లో రాజావారి కచేరీ ముందు పడిగాపులు కాసే తమ్ముడికైతే ఇరవై. చుట్లంటే, తీగను బొటనవేలి గోటి మీద పక్కపక్కనే చుడితే పట్టినన్ని. తీగ ఎంత సన్నమైతే గోటి మీద అన్ని చుట్లు పడతాయి, పాట అంత దూరం పోతుంది.

అక్కడికి పోయిన పాట ఇక్కడ వినబడదు. ఉప్పలయ్య వేళ్లు ఆడుతుంటాయి, పక్కన కూర్చున్నామె నోరు ఆడుతుంటుంది, వాకిలి మాత్రం నిశ్శబ్దంగా ఉంటుంది. దోర్నపాల్‌లో సంతంతా వింటుంది. కిందటేడు ఒకామె మొగుణ్ణి తిట్టిన తిట్లకు చింతపండు బేరాలన్నీ కాసేపు ఆగిపోయాయట. ఆ తరవాత అతను ఉప్పు మరవలేదు.

ఆషాఢ పున్నమి ఇంకా అయిదు రోజులుందనగా భద్రమ్మకు చిట్ఠీ వచ్చింది. ఆమె పెనిమిటి రామనర్సయ్య మూడేళ్ల కింద గిర్మిట్ అనే కూలి ఒప్పందం కాగితం మీద బొటనవేలు అద్ది అస్సాం చాయ్ తోటలకు పోయాడు. గడువు తీరుతోంది, వస్తున్నాడనే కబురే అయి ఉంటుందని అత్తాకోడళ్లు ఇద్దరూ తల దువ్వుకుని మరీ చిట్ఠీలు చదివి, రాసిపెట్టే మున్షీ దగ్గరకు పోయారు.

మున్షీ రాయపూర్ వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. చిట్ఠీ హిందీలో ఉంది. గొంతు సవరించుకుని, తనకు వచ్చిన తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. "అమ్మకు దండాలు. నా పెండ్లాం చచ్చిపోయిన కబురు అందింది..."

అక్కడ ఆగి, ఎదురుగా నిలబడ్డ పెండ్లాంను చూశాడు. భద్రమ్మ కూడా ఎందుకైనా మంచిదని తన చేతులు చూసుకుంది.

"ఎవరు రాసిన్రు ఆ కబురు?" అంది.

"నేనే రాసిన. మీ అత్త చెప్పింది."

"నేనేం జెప్పిన!" సమ్మక్క లేచింది. "కోడలు పోయింది, ఇంట్ల ఒక్కదాన్నే ఉన్న అన్న. దోర్నపాల్ సంతకు పోయిందయ్యా! మాపటికి వచ్చింది గూడ!"

"పోయింది అంటే గుజర్ గయీ, చచ్చిపోయింది అని కాదా? నేనొచ్చిన కొత్తల మీ పక్కింటాయన పోయిండన్నరు. ఎక్కడికి పోయిండంటే అందరూ నన్ను కొట్టబోయిన్రు!"

కొట్టబోయినవాళ్లలో సమ్మక్క కూడా ఉంది కాబట్టి లేచినామె మళ్లీ కూర్చుంది. మున్షీ మిగతాది నేల చూస్తూ చెప్పాడు. ఇక ఇంటికి వచ్చే పని లేదనీ, పున్నమి నాడు పొద్దున ఇంకో మూడేళ్లకు అంగూఠా, అంటే బొటనవేలి ముద్ర, వేస్తున్నాననీ, అమ్మను అత్తారింట్లో ఉన్న అక్క చూసుకోవాలనీ ఉంది.

మొదటిసారి వేలు అద్దినవాళ్లలో సగంమంది తిరిగొస్తారు. రెండోసారి అద్దినవాళ్లలో ఒక్కణ్ణి కూడా కొంటా ఇంతవరకూ చూడలేదు. చిట్ఠీ రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. తంతి కబురు కొట్టించాలంటే భద్రాచలం పోవాలి, ఏరు పొంగి పడవలు బంద్. భద్రమ్మ ఇంటికి పోలేదు. నేరుగా ఉప్పలయ్య వాకిట్లోకి పోయి నిలబడింది.

"అస్సాంకు ఎన్ని చుట్లు, పెద్దయ్యా?"

ఉప్పలయ్య తన బొటనవేలు చాలాసేపు చూసుకున్నాడు, అస్సాం దాని మీదే ఎక్కడో ఉన్నట్టు. "రైల్ల ఆరు పగళ్లు, ఆరు రాత్రులంటివి గదా. నలభై ఉండాలె. నా దగ్గర ఇరవైకి మించి లేదు బిడ్డా."

కంసాలి సోమారు దగ్గర తీగలు లాగే కమ్మచ్చు ఉంది. ఇనప పలకకు వరసగా కంతలు, ఒకదాని కంటే ఒకటి ఇరుకు. ఇత్తడి తీగను కాల్చి, మైనం రాసి, పట్టుకారుతో ఒక్కో కంతలోంచి లాగుతూ పోయాడు. రెండు రోజులకు ఆఖరి కంత దాటింది. గోటి మీద చుడితే ముప్పై రెండు.

"ఇంకా సన్నం కావాలె," అంది భద్రమ్మ.

"ఇంతకంటే సన్నమైతే అది తీగ గాదు, అనుమానం," అన్నాడు సోమారు. అన్నాడే గాని, సగం తీగ పక్కన పెట్టి, ఆఖరి కంత అంచులను సుత్తితో తట్టి ఇంకా ఇరుకు చేశాడు. మిగతా సగాన్ని అందులోంచి ఊపిరి బిగబట్టి లాగాడు. మూడుసార్లు తెగింది. నాలుగో రోజు పొద్దుగూకే వేళకు మూర పొడుగున నలభై చుట్ల తీగ మిగిలింది.

పున్నమి నాడు పొద్దున్నే ఉప్పలయ్య రెండు తీగలూ ముందు పెట్టుకున్నాడు.

"నువ్వే చెప్పు బిడ్డా. ముప్పై రెండుదైతే నీ బాధంతా చెప్పుకునేదాక ఆగుతది గాని, గంగల పడుతదో, కలకత్తాల పడుతదో. నలభైదైతే చేరుతది. కాని నాలుగు మాటలు ఆగుతదో లేదో."

"బాధ ఇంటికొచ్చినంక చెప్పుకుంట. చేరేదే ఎక్కించు."

కిన్నెర మెడ దగ్గర తీగ కూర్చునే గాడి ఇన్నేళ్ల లావుతీగలకు అరిగి వెడల్పయింది. అందులో ఈ తీగ కాలువలో చీమలా అటూ ఇటూ దొర్లింది. అట్లా దొర్లితే పాట దారి తప్పుతుంది. గాడిని లక్కతో పూడ్చి, కాల్చిన సూదితో సన్నగా కొత్త గాడి గీశాడు. తీగ బిగించే బిరడను వెంట్రుకవాసి తిప్పి, చెవి పెట్టి, ఇంకో వెంట్రుకవాసి తిప్పాడు. కిన్నెర తలను తూర్పుకు మళ్లించాడు.

"ముందు పేరు చెప్పవే," అంది సమ్మక్క. "అక్కడ తోటంత మనుషులుంటరు."

"మొగుని పేరు ఎట్ల చెప్పాలె అత్తా? ఇంతవరకు నా నోట రాలే."

"ఇప్పుడు గూడ సిగ్గేందే నీకు!"

"సరే, ఆఖర్న చెప్త," అంది భద్రమ్మ.

ఉప్పలయ్య మీటాడు. ఎవరికీ ఏమీ వినబడలేదు, అంటే పాట బయలుదేరింది. భద్రమ్మ పెదాలు గబగబా కదిలాయి. కదిలి, ఆగాయి. కళ్లు మూసుకుంది, అతని పేరులోని 'రా' అనబోయినట్టు నోరు తెరిచింది. తీగ తెగింది. ఆ తెగిన చిన్న చప్పుడు మాత్రం వాకిట్లో అందరికీ వినబడింది.

"ఏం చెప్పినవే?"

"ఇగో, నిన్నే. నేను సావలే, బతికే ఉన్న. ఆ కాగితం మీద వేలు పెట్టకు, ఇంటికి రా."

"పేరు?"

భద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తరవాత నెలన్నర ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అతను పోకముందటి మూడేళ్ల కాపురంలో మొగుణ్ణి 'ఇగో' అనీ 'నిన్నే' అనీ తప్ప పిలవలేదు. లోకంలో ఏ ఆడది మాత్రం ఇంకోలా పిలుస్తుంది? పైగా నలభై చుట్ల తీగలో పడితే ఎంత లావు గొంతైనా దారమంత సన్నబడి, అందరి గొంతులూ ఒక్కతీరే అవుతాయని ఉప్పలయ్య నిజం చెప్పేశాడు. ముసలాయనకు ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియదు.

భాద్రపదంలో ఏరు తగ్గింది. ఒక మధ్యాహ్నం కూనవరం వైపు నుంచి నాటుపడవ వచ్చి రేవుకు ఆనింది. అందులోంచి పదకొండుమంది మగవాళ్లు దిగారు. పదకొండుమందీ అస్సాం నుంచే. వాళ్లలో పదిమందినీ వాళ్ల పెండ్లాలే పిలిచారట. రామనర్సయ్య మూడోవాడుగా దిగాడు, ఎముకల మీద చొక్కా తగిలించినట్టున్నాడు. భద్రమ్మను కింది నుంచి పైదాకా చూసి, "ఆ చిట్ఠీ రాసినోడు ఏడున్నడే?" అన్నాడు. అని, రేవులోనే కూలబడి ఏడ్చాడు.

ఇంటికి పోయేసరికి వాళ్ల వెనకాల ఆ పదకొండోవాడు వచ్చి గడప బయట నిలబడ్డాడు. బుధ్రాం. కలరా వచ్చిన ఏడు పెండ్లాం నందే చనిపోయాక, గుడిసె తలుపైనా వేయకుండా తోటలకు పోయినవాడు. 'సావలే, బతికే ఉన్న' అన్న మాట అతని చెవిన ఎట్లా పడి ఉంటుందో భద్రమ్మకు ఇప్పుడే తట్టింది.

"అన్నా," అంది. "ఆ పిలుపు..."

"నందేది కాదు. ఎరుకే," అన్నాడు బుధ్రాం. "నా చేతుల్తోనే పూడ్చిన గదా. కాగితం మీద వేలు దించబోతున్న, వినబడ్డది. ఎవరి పెండ్లామో, ఎవరి కోసమో అనుకున్న. కాని పేరు చెప్పలే. పేరు చెప్పలేదంటే అందర్ని రమ్మన్నట్టే గదా?"

లోపల రామనర్సయ్య కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు. భద్రమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి బుధ్రాం చేతికిచ్చింది.

"నిన్ను గూడ పిలిచిన అన్నా," అంది. "లోపలికి రా."