ముందుపళ్ళ మీద మూడు మిల్లీమీటర్లు

ప్లాస్టిక్ పలక వేడికి మెత్తబడి మధ్యలో కిందికి జారుతోంది. యంత్రం ముందు నిలబడి మిల్లీమీటరమ్మ రెప్ప వెయ్యకుండా ఆ జారుడునే చూస్తోంది. పళ్ళాసుపత్రి వెనకగదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె పని ఆటగాళ్ళ పళ్ళకి దెబ్బ తగలకుండా తొడుగులు చెయ్యడమే. ఇరుకు గది, ఒకటే కిటికీ, ఎక్కడ చెయ్యి పెట్టినా ప్లాస్టర్ పొడి. ఆమె తలలో నెరుపెంతో, పొడి ఎంతో తేల్చడం ఎవరివల్లా కాదు. మిల్లీమీటరమ్మ అని పేరు పెట్టింది డాక్టరు. వెక్కిరింతకే పెట్టాడు గాని, అంతకన్నా తగిన పేరు ఆమెకి దొరకదు.

మీట నొక్కింది. పలక దిగి, గాలి లాగేసరికి ప్లాస్టర్‌తో పోసిన పళ్ళ అచ్చుకి అతుక్కుపోయింది. చల్లారేదాకా ఓపిగ్గా ఆగి, తొడుగు ఊడదీసి, ముందుపళ్ళ దగ్గర మందం కొలిచే గేజి పెట్టి చూసింది. నాలుగు మిల్లీమీటర్ల పలక అక్కడ రెండుకి దిగిపోయింది. కనీసం మూడుండాలి.

తప్పు తనదే. తొందరలో అచ్చు అడుగు అరగదియ్యడం మరిచిపోయింది. అచ్చు ఎత్తుగా ఉంటే పలక అంత దూరమూ సాగాలి. సాగినకొద్దీ పలచబడుతుంది, అదీ సరిగ్గా దెబ్బ తగిలే చోటే.

తొడుగు బయట బెంచీ మీద కూర్చున్న హాకీ అమ్మాయిది. పోయిన ఏడు బజారు తొడుగు పెట్టుకుని ఆడి ఒక పన్ను పోగొట్టుకుంది. కదిలిపోయిన పక్కపన్నుని డాక్టరు ఎలాగో నిలబెట్టాడు. ఇంకో దెబ్బ తగిలితే అదీ దక్కదు. పోటీ ఈ సాయంత్రమే.

"తొడుగు బాగానే కూర్చుంది కదా, ఇచ్చెయ్యక్కా," అన్నాడు డాక్టరు తొంగిచూసి. "ఆ పిల్లే ఇచ్చెయ్యమంటోంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? ఒక్క మిల్లీమీటరు తేడా ఎవరు చూస్తారు?"

"బంతి చూస్తుంది," అని ఆమె కత్తెర తీసుకుని తొడుగుని నిలువునా రెండు ముక్కలు చేసింది. పలచని తొడుగు బల్లమీద ఉంటే ఎవరో ఒకరు మొహమాటానికైనా వాడేస్తారని ఆమె భయం. డాక్టరు తల పట్టుకున్నాడు. ఇక మిగిలింది ఒక్కటే పలక, కొత్తవి రావడానికి వారం పడుతుంది.

అచ్చు అడుగు అరగదీసి, ఆఖరి పలక బిగించింది. ఇక్కడొక కిటుకుంది. ఎవరూ నేర్పలేదు, ఎన్ని పలకలు పాడుచేసుకుని నేర్చుకుందో లెక్కలేదు. పలక దిగి అచ్చుని కప్పగానే, గాలి లాగేలోపు, అచ్చుని బొటనవేలితో ముందుకి నెట్టాలి. అప్పుడు ముందువైపు పలక సాగకుండా నిలుస్తుంది. లిప్తపాటు అటూ ఇటూ అయితే పలక దండగే.

నెట్టింది. వేలు చురుక్కుమంది. మీట నొక్కింది.

మూడు దాటింది. నమ్మకం చాలక మూడుసార్లు కొలిచింది.

"మరీ మందం పిన్నీ, మాట రావట్లేదు," అంది అమ్మాయి తొడుగు పెట్టుకుని.

"ఆడటానికెళ్తున్నావా, ఉపన్యాసం ఇవ్వడానికా? ఆటయ్యాక తెచ్చి చూపించు."

ఇంటికెళ్ళి భర్తతో, "ఏవండీ, ఇవాళ ముందువైపు మూడు దాటింది," అంది. ఎప్పట్లాగే ఆయన పేపరులోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ ఆమెకి చాలు. అన్నం తిని పడుకుంది. నిద్రలోనే పోయింది, పక్కనున్న ఆయనకి కూడా తెలియకుండా.

మర్నాడు అమ్మాయి వాచిన పెదవితో వచ్చింది. డాక్టరు సంగతి చెప్పాక ఏడుపు ఆపుకుంటూ నోరు తెరిచి చూపించింది. పన్ను కదల్లేదు.

"దెబ్బ తిన్న తొడుగు మళ్ళీ పెట్టుకోకూడదు. అక్క మాట ఇది," అని డాక్టరు దాన్ని తీసుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తోచక, ప్లాస్టర్ అచ్చుకే తొడిగి ఆమె బల్లమీద ఉంచాడు. పైన బంతి తగిలిన చోట బొటనవేలంత సొట్ట ఉంది, లోపలివైపు మాత్రం చిన్న గీతైనా పడలేదు.