మూడుసార్లు ఎత్తి, ఐదు నిమిషాలు కూర్చో

ఇడ్లీపిండి రుబ్బుతుంటే అత్తమ్మ టేపు పట్టుకుని వచ్చింది. "చెయ్యి చాపు" అంది. నా జబ్బ చుట్టూ టేపు బిగించి, కళ్ళజోడు సవరించుకుని చూసింది. "పదిన్నర. పెరగలే" అని హాల్లో ఉన్న కొడుక్కి వినబడేలా చెప్పింది. మా అత్త అనసూయమ్మ మెట్టుగూడలో చుట్టుపక్కల ఆడవాళ్ళకి జాకెట్లు కుడుతుంది. నెలకోసారి నా జబ్బ కొలిచేది మాత్రం జాకెట్టు కోసం కాదు.

నేను జూడో ఆడతాను, యాభై రెండు కిలోల విభాగంలో. పెళ్ళిచూపుల్లోనే యుగంధర్ అన్నాడు: "ఆడుకో ఊర్మిళా, నేనొద్దనను. గానీ కండలు గిండలు పెంచకు. మా దోస్తులు నవ్వుతరు." ఆ రోజు నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కండ పెరక్కుండా బలం పెరగడం నాకూ కావాలి. నా కారణం వేరు. యాభై రెండు దాటితే పై విభాగంలో నాకన్నా భారీ మనుషులతో తలపడాలి. తిరుమలగిరిలో మా కోచ్ ఎలీసబెతు మేడమ్ దారి చూపింది. "బరువు ఎక్కువ, సార్లు తక్కువ. మూడుసార్లు ఎత్తు, ఐదు నిమిషాలు కూసో. ఒళ్ళు హూనమయ్యేదాకా ఎత్తితే కండ పెరుగుతది, అది మనకొద్దు. ఉన్న కండనే పూరా పనికి దించుడు నరాలకు నేర్పుతున్నం." ఆర్నెల్లలో నేను నేలమీంచి లేపే బరువు డెబ్భై నుంచి తొంభై ఐదు కిలోలైంది. నా బరువు యాభై ఒకటిన్నర దాటలేదు. ఇంట్లో వాళ్ళూ సంతోషించారు, టేపు కదలనందుకు.

రాష్ట్ర జట్టు ఎంపికకు ముందు సోమవారం, ఆ తొంభై ఐదు నేల విడవలేదు. ఎనభై ఐదు కూడా మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. మేడమ్ తిట్టలేదు. "నిన్న ఇంట్లో ఏమేం చేసినవో చెప్పు" అంది. చెప్పడం మొదలుపెట్టాను. మోటార్ పాడై నెలైంది కాబట్టి రెండో అంతస్తుకు పన్నెండు బిందెలు. పిండి. దుప్పట్లు. మోండా మార్కెట్ నుంచి వారానికి సరిపడా కూరగాయలు, రెండు చేతులా. మళ్ళీ సాయంత్రం బిందెలు...

"ఇగ ఆపు" అంది మేడమ్. "నేను మూడుసార్లు ఎత్తి కూసోమంటే, నువ్వు ఇంటికి పోయి మూడువందలసార్లు ఎత్తుతున్నవ్. కూసునేదెప్పుడు?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ప్రాక్టీసు నుంచి వచ్చి కాసేపు నడుం వాల్చినా, గిన్నెల చప్పుడు వినబడగానే తప్పు చేసినదానిలా లేచి కూర్చునేదాన్ని.

"శనివారం సెలెక్షన్. గురు, శుక్రవారాలు ఏం ఎత్తకు. పండుకో, ఇంట్ల కుదరకుంటే మా ఇంటికి వచ్చి. పండుకునుడు సుత ట్రైనింగే" అంది మేడమ్.

బుధవారం సాయంత్రం యుగంధర్ బూట్లు విప్పుతూ, "శుక్రవారం మా ఆఫీసోళ్ళు పదిహేను మంది భోజనానికొస్తున్నరు. బగారా, మటన్ చెయ్యి" అన్నాడు.

"శనివారం సెలెక్షన్ ఉందండీ."

"గది శనివారం గదా. వీళ్ళొచ్చేది శుక్రవారం."

"మేడమ్ రెస్ట్ తీసుకోమన్నది."

"రెస్టా? ఇంట్ల నువ్వేమన్న మూటలు మోస్తున్నవా?"

వెనక నుంచి అత్తమ్మ అందుకుంది: "పేరుకు తగ్గట్టే ఉందిరా, నిద్ర కావాల్నంట."

భయమేసింది. అంత భయంలోనూ నా బుర్ర లెక్కలు వేస్తూనే ఉంది: రేపే ఉల్లిపాయలు తరిగి పెట్టుకుంటే, నాలుగింటికే లేస్తే... నా మీద నాకే అసహ్యం పుట్టింది.

"రేపు, ఎల్లుండి నేను ఏదీ ఎత్తను. బిందె కూడా" అన్నాను. "మేడమ్ ఇంట్ల ఉంట. శనివారం అటునుంచి అటే పోత."

"మరి వాళ్ళకేం చెప్పాలె నేను?"

"వండే మనిషి లేదని చెప్పండి."

గురువారం పొద్దున మేడమ్ ఇంట్లో చాయ్ తాగి పడుకున్నాను. పాలు పొంగుతున్నట్టనిపించి రెండుసార్లు ఉలిక్కిపడి లేచాను. మూడోసారి నాలుగింటిదాకా మెలకువ రాలేదు. ఫోన్లో పదకొండు మిస్డ్ కాల్స్. శుక్రవారం ఒకటే మెసేజ్: "బయటి నుంచి తెప్పించిన. నా ఇజ్జత్ తీసినవ్."

శనివారం తూకంలో యాభై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు. ఫైనల్లో జగదాంబ. నన్ను అంతకుముందు రెండుసార్లు ఎత్తి పడేసిన అమ్మాయి. మూడో నిమిషంలో ఆమె నా మీదికి తోసుకొచ్చింది. కాలర్ దొరకబుచ్చుకుని లోపలికి తిరిగాను. ఎంత తేలిగ్గా లేచిందంటే, ఆమె వీపు మ్యాట్‌కి తగిలిన చప్పుడు విన్నాక గానీ నాకు నమ్మకం కుదరలేదు.

మధ్యాహ్నం మేడమ్ ఇంట్లో పక్క మీద ఉండగా యుగంధర్ ఫోన్. గొంతులో కోపం లేదు, హుషారు ఉంది. "గెలిచినవంట గదా! మా దోస్తులందరూ అడుగుతున్నరు. రేపు మనింట్లనే దావత్. నువ్వు ఈ సాయంత్రమే వస్తే వంటకు టైమ్ ఉంటది."

అవతల అతను ఎదురుచూస్తున్నాడు. నేను దుప్పటి భుజం దాకా లాక్కున్నాను.

"నాకు నిద్రొస్తుందండీ" అన్నాను. "లేచినంక చెప్త, వచ్చుడా, రాకుండుడా అని."