నూట తొంభై ఐదు పౌండ్ల కవచం

ఆర్లో టిస్‌డేల్‌కు రెండేళ్లలో మూడు గాయాలయ్యాయి. మొదట మెడ కింది ఎముక, తర్వాత చీలమండ, నెల కిందట రెండు పక్కటెముకలు. మా ఊరి కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో అతను క్వార్టర్‌బ్యాక్. ప్రతి ఎత్తూ అతని చేతిలోని బంతితోనే మొదలవుతుంది. ఎదుటి జట్టు ముందుగా పడగొట్టాలని చూసేది కూడా అతన్నే. సన్నగా ఉంటాడు కాబట్టి విరుగుతున్నాడని మంగలి షాపులోనూ, చర్చి మెట్ల మీదా ఒకే మాట అనుకున్నారు.

ఎముకలు అతుక్కున్నాయని మంగళవారం డాక్టరు సంతకం చేశాడు. ఆట శనివారం. ఆర్లో లేని నాలుగు వారాలూ కోల్టర్ డీన్ ఆడాడు. కోల్టర్ ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలు. రెండు ఆటలు గెలిచారు, రెండు ఓడారు. ఈ శనివారం ఎవరు ఆడతారో కోచ్ గ్రాడీ స్ట్రింగర్ ఇంకా చెప్పలేదు.

బుధవారం ఆర్లో సామాన్ల గదికి వెళ్లాడు. వెంట హోలిస్ పెటస్ ఉన్నాడు. హోలిస్ సెంటర్. వంగి, కాళ్ల మధ్య నుంచి బంతిని ఆర్లోకు అందించి, మరుక్షణం అతని ముందు గోడలా నిలబడడం హోలిస్ పని. బరువు మూడు వందల పది పౌండ్లు.

సామాన్లు చూసే వర్జిల్ పక్కటెముకల కవచం తెచ్చి బల్ల మీద పెట్టాడు. జెర్సీ కింద తొడుక్కునేది. దెబ్బ తగిలిన రోజున కూడా ఆర్లో ఒంటి మీద ఇదే ఉంది.

"కట్టరా," అని ఆర్లో చేతులెత్తాడు.

హోలిస్ పట్టీలను చివరి రంధ్రం దాకా లాగాడు. అయినా కవచానికీ ఒంటికీ మధ్య అతని అరచెయ్యి దూరింది.

"ఇదేంట్రా, ఇందులో ఇంకొకడు పడతాడు!"

"ముందు నుంచీ ఇంతే. పరిగెత్తితే పైకి జరుగుతుంది."

"ఆ రోజు కూడా జరిగిందా?"

ఆర్లో తల ఊపాడు. బంతి విసరడానికి చెయ్యి ఎత్తినప్పుడు తగిలిన దెబ్బ అది.

హోలిస్ కవచం లోపలి చీటీ తిప్పి చూశాడు. నూట తొంభై నుంచి రెండు వందల ఐదు పౌండ్లు అని ఉంది.

"వర్జిల్ గారూ, వీడి బరువెంత?"

"నూట తొంభై ఐదు."

"ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉందిగా."

ఆట రోజున గేటు దగ్గర అమ్మే పుస్తకం అది. అందులో ఆటగాళ్ల పేర్లు, ఎత్తులు, బరువులు ఉంటాయి. చిన్నవాళ్ల బరువు కాస్త పెంచి రాయిస్తారని మా ఊళ్లో అందరికీ తెలుసు. స్టేడియం కట్టినప్పటి నుంచీ అంతే. ఎవరూ దాన్ని అబద్ధం కింద లెక్క వెయ్యరు. వర్జిల్ మాత్రం ఏటా జూన్‌లో ఆ పేజీనే కవచాలు చేసే కంపెనీకి పంపిస్తాడు. కంపెనీవాళ్లు బరువు చూసి సైజు పంపిస్తారు.

"ఒకసారి తూకం వేసి చూడొచ్చు కదండీ?"

"తూకం కోచ్‌ల పని నాయనా. నాకు పేజీ ఇస్తారు, నేను పంపిస్తాను." వర్జిల్ కవచం వైపు చూశాడు. "వదులుగా ఉందని ఎవరూ చెప్పలేదు."

అది నిజం. ఆర్లో చెప్పలేదు. చెబితే సన్నగా ఉన్నానని తన నోటితో తనే ఒప్పుకోవాలి.

ఆ సాయంత్రమే ఆర్లో కోచ్ గదికి వెళ్లి చెప్పాడు. కోచ్ విన్నాడు.

"వేరేది తెప్పిస్తాంలే. కానీ తప్పంతా కవచం మీదకి తోసెయ్యకు అబ్బాయ్. కోల్టర్‌కి అసలు కవచమే అక్కర్లేదు."

గురువారం సాయంత్రం కోచ్ రేడియో కార్యక్రమం రడీ హోటల్ నుంచి వస్తుంది. జనం వేయించిన క్యాట్‌ఫిష్ తింటూ కూర్చుంటారు, మైకు దగ్గరకొచ్చి ప్రశ్నలడుగుతారు. వారానికొక ఆటగాడు కోచ్ పక్కన కూర్చోవాలి. ఆ వారం వంతు హోలిస్‌ది. అతని కుర్చీ కింద ఒక సంచి ఉంది. ఆర్లో తలుపు దగ్గరి బల్ల ముందు కూర్చున్నాడు.

"అందరూ అడిగేదే అడుగుతున్నా కోచ్," అన్నాడు కార్యక్రమం నడిపే లానీ. "ఆర్లో సంగతేంటి?"

"మంచి పిల్లాడు లానీ. గుండె ధైర్యానికేం లోటు లేదు. కానీ నూట డెబ్బై ఒక్క పౌండ్లు. దేవుడిచ్చిన ఒళ్లు అది. తగిలితే విరుగుతుంది. నేనేం చెయ్యను?"

"గాలేస్తే గోల్ స్తంభానికి కట్టెయ్యండి కోచ్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. హోటలంతా నవ్వింది. ఆర్లో పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాడు.

హోలిస్ మైకు తన వైపు లాక్కున్నాడు.

"నాకు రెండు మోకాళ్లూ కోశారు. బొటనవేలు రెండుసార్లు విరిగింది. భుజం ఒకసారి జారింది. మొత్తం ఐదు. నన్నేమంటారు మీరంతా?"

"ఇనుము!" అని నలుగురైదుగురు అరిచారు.

"వీడికి మూడు. వీడు గాజు. ఎలా వచ్చింది ఈ లెక్క?"

నవ్వు తగ్గింది.

"మెడ కింది ఎముక ఈల మోగాక విరిగింది. ఆట ఆగి నిలబడ్డవాణ్ని వెనక నుంచి పడేశారు. చీలమండ ఎవరు తొక్కారో తెలుసా? నేను! వెనక్కి అడుగేసి వీడి కాలు మీద నిలబడ్డా. ఆ కాలు కోల్టర్‌దైనా విరిగేది. మీదైనా విరిగేది కోచ్."

"హోలిస్, చాలు."

"ఇంకోటుంది సర్." అతను సంచిలోంచి కవచం తీసి క్యాట్‌ఫిష్ పళ్లేల మధ్య పెట్టాడు. "పుస్తకంలో వీడు నూట తొంభై ఐదు. అది రాయించింది మీరు. ఇప్పుడు మైకులో నూట డెబ్బై ఒకటి. అదీ మీరే. కవచం ఏ లెక్కకి కొన్నారో చెప్పండి, వీళ్లంతా వింటారు."

"చిన్న విరామం," అన్నాడు లానీ. ట్రాక్టర్ టైర్ల ప్రకటన మొదలైంది.

అప్పుడు ఆర్లో లేచాడు. బల్లల మధ్య నుంచి నడిచి వచ్చాడు. కవచం తీసి చొక్కా మీద తొడుక్కుని, పట్టీలను చివరి దాకా బిగించాడు. బంతి విసిరేటట్టు కుడిచెయ్యి ఎత్తాడు. కవచం చంక దాకా లేచింది. కింద ఆ పక్కనే నాలుగు వేళ్ల మేర చొక్కా కనిపించింది. విరిగినవి అక్కడి ఎముకలే.

ఎవరూ తినడం లేదు.

కోచ్ గొంతు తగ్గించాడు. "నూట డెబ్బై ఒకటని అచ్చు వేయిస్తే ప్రతి జట్టూ నీ మీదకే ఉరుకుతుంది. నీ మంచికే రాయించాను."

"ఎదుటి జట్ల దగ్గర మన ఆటల వీడియోలున్నాయి కోచ్. నేనెంతుంటానో వాళ్లకి తెలుసు. ఆ పుస్తకం కొనేది మనవాళ్లు." ఆర్లో కవచం పట్టీలు విప్పాడు. "మనవాళ్లకే నన్ను పెద్దవాణ్ని చేసి అమ్మారు. విరిగాక దేవుడి మీద పెట్టారు. నేను నోరు మూసుకున్నాను, అది నా తప్పు. మిగతాది నాది కాదు."

"శనివారం జట్టు సంగతి రేపు చెప్తాను," అన్నాడు కోచ్. విరామం అయ్యాక అతను వాతావరణం గురించి మాట్లాడాడు.

శుక్రవారం పొద్దున ఆటగాళ్ల గది తలుపు మీద జాబితా అంటించారు. క్వార్టర్‌బ్యాక్ వరుసలో మొదటి పేరు కోల్టర్ డీన్. రెండోది ఆర్లో టిస్‌డేల్, 195. సెంటర్ వరుసలో హోలిస్ పేరు కూడా రెండోదైంది.

ఆర్లో పెన్ను తీసి 195 కొట్టేసి 171 అని రాశాడు. మధ్యాహ్నానికి కొత్త కాగితం వచ్చింది. మళ్లీ 195. మళ్లీ కొట్టేశాడు.

సాయంత్రం వర్జిల్ తన ఇంటి స్నానాలగదిలోని తూకం యంత్రం మోసుకొచ్చి సామాన్ల గది నేల మీద పెట్టాడు.

"ఎక్కు," అన్నాడు.

నూట డెబ్బై. వర్జిల్ అంకె రాసుకుని, కారు తాళాలు తీసుకుని పక్క ఊరి హైస్కూలుకు బయల్దేరాడు. ఎనిమిది గంటలకు ఒక చిన్న కవచం అరువు తెచ్చాడు. హోలిస్ పట్టీలు కట్టాడు. ఈసారి మధ్యలో వేలు కూడా దూరలేదు.

శనివారం తలుపు మీద మూడో జాబితా ఉంది. అందులో ఎవరి బరువూ లేదు. ఆ వరుసే తీసేశారు. పేర్లు మాత్రం మారలేదు. మొదటిది కోల్టర్, రెండోది ఆర్లో.

"ఇప్పుడేం కొట్టేస్తావురా?" అన్నాడు హోలిస్.

ఆర్లో తన పేరు పక్కన ఖాళీలో 170 అని రాశాడు. కాగితం చిరిగేంత గట్టిగా రాశాడు. తర్వాత మైదానంలోకి వెళ్లాడు. ఆట మొదలయ్యేసరికి హోలిస్ బెంచీ మీద కూర్చున్నాడు. ఆర్లో కూర్చోలేదు. కవచం బిగించుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని, మైదానం గీత పక్కన కోచ్‌కు కనిపించే చోట ఆట సాగిన నాలుగు గంటలూ నిలబడ్డాడు.