ఎత్తు పెరిగిన రైలు మెట్టు

"అరవై ఒక్కేళ్ళు ఈ ఊళ్ళో ఉండి ఒక్క మ్యూజియం గడప తొక్కలేదు నువ్వు. మరి దేన్ని చూసుకుని ఈ బుడాపెస్ట్‌ని వదల్లేనంటున్నావమ్మా?"

కాఫీ పోసినప్పటి నుంచి కూతురు చిల్లా ఈ మాట అనడం ఇది మూడోసారి. ఎటెల్కా రొట్టె ముక్క మీద పంది కొవ్వు పల్చగా రాసి, ఉల్లిపాయ చక్రాలు పేర్చి, కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఎనిమిదింటికల్లా డ్యూటీలో ఉండాలి.

"మ్యూజియాల సంగతి నన్నడుగు," అన్నాడు బేలా, మీసానికంటిన కాఫీ తుడుచుకుంటూ. ట్రాము నడిపి రిటైరైన మనిషి. "ముప్పై ఏళ్ళు వాటి ముందు స్టాపులో తలుపులు తీశాను. లోపలికెళ్ళి నవ్వుతూ తిరిగొచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు."

"నాన్నా, నువ్వు ఎవరి పక్షం?"

"టమాటాల పక్షం."

అల్లుడు జోల్ట్ నవ్వాడు. గ్యోర్ దగ్గరి పల్లెలో వాళ్ళ ఇంటి వెనక రెండు గదులు కొత్తగా వేయించాడు. గదుల ముందు పెరడు. ఈ మూడో అంతస్తు ఇల్లు కొనేవాళ్ళు రేపు పొద్దున వస్తారు. కాగితం మీద బేలా సంతకం ఎప్పుడో పడింది. దాని కింద ఎటెల్కా పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"రాత్రి భోజనం వేళకు చెప్తాను," అంది ఎటెల్కా, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

"ఏముంది చెప్పడానికి? మోకాళ్ళు పోయాయి, లిఫ్టు లేదు. ఇక్కడ నీకేముందో ఒక్కటి చెప్పు, నేను నోరు మూసుకుంటా."

ఎటెల్కా నిజంగానే ఆలోచిస్తూ తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది.

ట్రాము పాసు ఉన్నా వంతెన మీద నడిచే వెళ్తుంది. మోకాళ్ళు మొరాయించినా అంతే. వంతెన మధ్యకు వచ్చేసరికి గాలి ఎప్పుడూ తలగుడ్డను ఎడమ వైపుకు లాగుతుంది. అక్కడ ఒక్క నిమిషం ఆగుతుంది. కింద డాన్యూబ్ నది కొన్నాళ్ళు కాఫీ రంగులో, కొన్నాళ్ళు బూడిద రంగులో ఉంటుంది. పాటల్లో అందరూ చెప్పుకునే నీలం ఆమె ఎన్నడూ చూడలేదు. అవతలి ఒడ్డున బేకరీ నేలమాళిగ కిటికీ ఉంది. దాని మీదుగా నడిస్తే లంగా అంచులోకి వెచ్చటి రొట్టె వాసన ఎగదన్నుతుంది. చిన్నప్పుడు అక్కడ నిలబడినందుకు తల్లి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేది. ఇప్పుడు లాగేవాళ్ళు లేరు కాబట్టి కాసేపు నిలబడుతుంది.

ఆమె పని చేసేది టర్కీవాళ్ళు కట్టిన పాత స్నానశాలలో. మంగళవారం ఆడవాళ్ళ రోజు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎటెల్కా అక్కడ గదుల మనిషి. తెల్ల కోటు, చెక్క చెప్పులు, నడుముకు తాళాల గుత్తి, జేబులో సుద్దముక్క. వచ్చినవాళ్ళు చిన్న చెక్క గదిలో బట్టలు మార్చుకుంటారు. తలుపు లోపలి వైపున్న నల్ల పలక మీద ఆమె వేళ రాసి తాళం వేస్తుంది. మూడు గంటలు గడువు. పలక మీద వేళ ఉంటే గదికి మనిషి ఉన్నట్టు, లేకపోతే ఖాళీ. సుద్ద ఆమె వేళ్ళ ముడతల్లోకి దిగిపోయి, కడిగినా పోని తెల్లటి గీతలయింది.

పదకొండు దాటాక ఒక ముసలావిడ కర్ర ఊతంతో వచ్చింది.

"ముప్పై ఒకటో గది ఖాళీయేనా, లేక ఏ జర్మను దొరసానికైనా ఇచ్చేశావా?"

"యోలానక్కా!"

యోలాన్ ముప్పై ఏళ్ళు ప్రతి మంగళవారమూ వచ్చిన మనిషి. గ్లవ్స్ కుట్టే దుకాణంలో పని చేసేది. రెండేళ్ళ కిందట ఇల్లమ్మేసి సరిహద్దు దగ్గర కొడుకు ఊరికి వెళ్ళిపోయింది. ముసలివాళ్ళకు రైలు ఉచితం కాబట్టి నెలకోసారి ఇలా వస్తుంది.

"తెల్లారకముందు రైలెక్కాను. దిగగానే రెండో నంబరు ట్రాములో ఈ చివరి నుంచి ఆ చివరికి, నది వైపు కిటికీ పక్కన కూర్చుని. తర్వాత మార్కెట్టు మెట్ల మీద నూనెలో వేయించిన లాంగోష్ రొట్టె తిన్నాను. వెల్లుల్లి దండిగా వెయ్యమన్నాను, రైల్లో పక్కన ఎవరూ కూర్చోకూడదని." బెంచీ మీద కూర్చుని ఆయాసపడింది. "ఈ రైళ్ళ మెట్లు ఏటా ఎత్తు పెంచుతున్నారే. ఇవాళ నన్ను ఇద్దరు పట్టి ఎక్కించారు, మూటలాగా."

ఎటెల్కా వంగి ఆమె మేజోళ్ళు విప్పింది. కాళ్ళు వాచి ఉన్నాయి.

"ఇంట్లో ఏం చెప్పొచ్చావు?"

"ఏముంది, ఎప్పటిలాగే మ్యూజియం. స్నానానికంటే ఒప్పుకోడు మావాడు. 'ఇంట్లో వేడినీళ్ళు లేవా, దానికోసం రానూపోనూ ఆరు గంటల ప్రయాణమా' అంటాడు. మ్యూజియమంటే కోడలు పొద్దున్నే లేచి శాండ్‌విచ్ కట్టిస్తుంది. రాత్రికి మాత్రం ఏం చూశానో చెప్పాలి. పోయినసారి గుర్రం అన్నాను. అంతకుముందు గిన్నెలు. ఈసారి ఏం చెప్పనే?"

"పెద్ద పడవ అను."

"మ్యూజియంలో పడవలుంటాయా?"

"నేనెప్పుడు వెళ్ళాను అక్కా? ఎక్కడో ఒకచోట ఉండదూ?"

ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పక్క గదులకు వినబడకుండా నవ్వారు. ఎటెల్కా తుండు అందిస్తూ, తలుపు వైపు చూస్తూ అడిగింది.

"అక్కడ... బాగుందా అక్కా?"

"బాగుంది. కోడలు బంగారం. అదే వచ్చిన బాధ, తిట్టుకోవడానిక్కూడా లేదు." యోలాన్ కర్ర గోడకానించింది. "పెద్దబాతులున్నాయి, పూలున్నాయి. అన్నీ ఉన్నాయి. కానీ చూడు ఎటీ, ఈ ఊళ్ళో ఉన్నప్పుడు నేను గడప దాటితే ఎందుకని ఎవరైనా అడిగారా? ఇప్పుడు రావాలంటే ఒక గుర్రం కావాలి."

ఎటెల్కా పలక మీద 11.10 అని రాసి తాళం వేసింది.

రెండున్నరయింది. యోలాన్ బయటికి రాలేదు. సూపర్‌వైజరు గది గదికీ వచ్చి గడువు చూస్తోంది. ఎటెల్కా కంగారుగా కొలను గదిలోకి తొంగిచూసింది. ఆవిరి మధ్యలో యోలాన్ గడ్డం దాకా నీళ్ళలో ఉంది. గుమ్మటం కన్నాల్లోంచి దిగిన వెలుగు కర్రలు ఒక్కొక్కటే ఆమె ముఖం మీదుగా జరిగిపోతున్నాయి. కళ్ళు తెరిచే ఉంది. వాచిన కాళ్ళు నీళ్ళలో తేలికగా ఊగుతున్నాయి. పిలవబుద్ధి కాలేదు.

వెనక్కి వచ్చి, తాళం తీసి, పలక తుడిచి 1.00 అని రాసింది. ముప్పై ఎనిమిదేళ్ళలో తప్పు వేళ రాయడం అదే మొదలు. తొందరలో సున్నాలు గుడ్లలా వచ్చాయి. సూపర్‌వైజరు చూసి, తల ఊపి, ముందుకు వెళ్ళిపోయింది.

మూడున్నరకు యోలాన్‌కు గది తెరిచి, అవతలి వరసలో ఎవరో పిలిస్తే ఎటెల్కా వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ముప్పై ఒకటో గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు.

పలక మీద ఏమీ లేదు. తడి అరచేత్తో తుడిచేసిన జాడ మాత్రం ఇంకా ఆరలేదు. పలక ముట్టుకోవడం గదుల మనిషి పని. వచ్చేవాళ్ళెవరూ దాని మీద చెయ్యి వెయ్యరు. యోలాన్ ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెయ్యలేదు. ఈ రోజు వెళ్తూ వెళ్తూ, గది ఇక ఖాళీ అని తనే రాసిపెట్టినట్టు తుడిచి వెళ్ళింది. కొక్కేనికి ఆమె పసుపుపచ్చ రబ్బరు టోపీ వేలాడుతోంది. ఏ వస్తువూ ఎక్కడా మరిచిపోయే మనిషి కాదు.

ఎటెల్కా చెక్క చెప్పులతోనే టకటకమంటూ వీధిలోకి వచ్చింది. స్టాపు దగ్గర ఎవరూ లేరు. ట్రాము వంతెన ఎక్కుతోంది. వెనక కిటికీలో ఎవరిదో తల కనబడింది. యోలాన్‌దో కాదో తెలియలేదు. అయినా చెయ్యెత్తింది.

ఇంటికి కూడా నడిచే వెళ్ళింది. వంతెన మధ్యలో పొద్దుటి కంటే ఎక్కువసేపు ఆగింది. చిల్లాకు చెప్పడానికి ఒక్కటి ఆలోచించుకోబోయి, అక్కర్లేదనిపించి మానేసింది.

చల్లటి చెర్రీ పులుసు చేసింది చిల్లా. తల్లికి ఇష్టమని మీగడ ఎక్కువ వేసింది. నాలుగు గిన్నెల మధ్య కాగితం, దాని పక్కన పెన్ను. ఎటెల్కా సంచిలోంచి తడి టోపీ తీసి వంటింటి కిటికీ గడియకు తగిలించి, వచ్చి కూర్చుంది.

"ఎవరిదే అది?" అన్నాడు బేలా.

"యోలానక్కది. ఇక రాదు."

గిన్నె సగమయ్యాక చెంచా కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నేను సంతకం పెట్టను. బేలా, నువ్వు ఏప్రిల్ నుంచి మంచు పడేదాకా పిల్లల దగ్గరుండి టమాటాలు వేసుకో. నాకు బెంగేం లేదు, శనివారాలు వస్తాను. చలికాలం ఇంటికి రా." కూతురి వైపు తిరిగింది. "మీ ఊరికి చుట్టపుచూపుగా ఎన్నిసార్లయినా వస్తానమ్మా. ఈ ఊరికి మాత్రం నేను చుట్టంగా రాలేను."

చిల్లా పెన్ను తీసి మూత పెట్టింది. జోల్ట్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బేలా పులుసులో చెర్రీ గింజ వెతుకుతున్నట్టు చెంచా తిప్పాడు.

"టమాటాలు ఎవరు మోస్తారు మూడంతస్తులు?" అన్నాడు.

"నువ్వే."

కిటికీ గడియకు వేలాడుతున్న పసుపుపచ్చ టోపీలోంచి ఉండుండి ఒక్కో చుక్క గట్టు మీద పడుతోంది.