మందువారిల్లు

హైమవతి టీచరు తన డిటెక్టివ్ సీరియల్ ఆఖరి భాగాన్ని కవర్లో పెట్టి జిగురు రాయబోతుంటే, రావులపాలెం నుంచి ఓ పెద్దావిడ అరటిపళ్ళు పట్టుకుని వచ్చింది.

"నా పేరు అన్నపూర్ణమ్మండి. మీ నవల్లో వంటావిడ బుచ్చెమ్మ మా మామ్మేనండి. వచ్చే వారం ఆవిడే చంపిందని తేల్చేస్తారా ఏంటి?"

హైమవతి చెయ్యి ఆగిపోయింది. వందేళ్ళ కిందట గోగులంక సంస్థానంలో రాణిగారు పురుడు పోసుకున్న పదో రోజున పోయారు. ఎలా పోయారో తేలలేదు. పాత కేసు కాగితాలు తిరగేస్తూ హైమవతి డిటెక్టివ్ పన్నెండు వారాలుగా బుచ్చెమ్మ చుట్టూనే తిరుగుతున్నాడు.

"రాణిగారికి మందు పెట్టానని ఆవిడే కోర్టులో ఒప్పుకుందండీ," అంది హైమవతి.

"ఆ మాటే మా కొంప ముంచిందండి. ఇప్పటికీ ఊళ్ళో మాది మందువారిల్లే. మా ఇంట మంచినీళ్ళు తాగడానికి జంకుతారు. మా మామ్మ పోయేదాకా మొత్తుకుంటూనే ఉంది, 'కాయం పెట్టానన్నానే తల్లీ! బాలింతకి కాయం కాక పులిహోర పెడతానా?' అని."

హైమవతి బీరువాలోంచి కేసు నకలు తీసింది. బుచ్చెమ్మ తెలుగులో చెప్పిన సాక్ష్యాన్ని దొర కోసం ఇంగ్లీషులో రాసిన కాగితం అది. బాలింతలకి తినిపించే ఆ కాయం ముద్దకి ఇంగ్లీషు మాట దొరక్క కాబోలు, దుబాసీ 'మెడిసిన్ ఇచ్చాను' అని రాయించాడు. వంటమనిషి కదా అని దాన్ని 'మందు పెట్టాను' అని తెలుగు చేసింది తనే. ఇస్తే వైద్యం, పెడితే విషం. ఆనాడు ఊరు చేసిన తప్పే తనూ చేసింది.

"మరైతే రాణిగారిని చంపిందెవరండీ?"

"బాలింత జ్వరమేమో! ఎవరూ చంపకుండా మనిషి పోకూడదా ఏంటి?"

"డిటెక్టివ్ సీరియల్ కదండీ. హంతకుడు లేడంటే చదివేవాళ్ళు ఊరుకోరు."

"వందేళ్ళు మేం ఊరుకోలేదాండీ?"

హైమవతి కవర్లోంచి కాగితాలు బయటికి లాగింది. నాలుగింటికి పోస్టు డబ్బా తీస్తారు. ఇంకా మూడు గంటల టైముంది. కొత్త కాగితం పరిచి, కలం విప్పింది.

"అసలు కాయంలో ఏమేం వేస్తారండీ? మా డిటెక్టివ్ ముందు అదే అడుగుతాడు."

అన్నపూర్ణమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"శొంఠి, పిప్పళ్ళు, బెల్లం, నెయ్యి... పాళ్ళు మాత్రం సరిగ్గా రాసుకోండమ్మా. అది తిని మళ్ళీ ఎవరైనా పోతే మమ్మల్నే అంటారు."