నీలవేణి నెత్తుటిలో పుట్టినదాన్ని

నేను ఒక ప్రతిరక్షకాన్ని. డాక్టర్లు యాంటీబాడీ అంటారు. నా ఆయుష్షు కొన్ని వారాలే గానీ, నేను మోస్తున్న సందేహం మాత్రం ఏళ్ళనాటిది. నన్ను కన్న కణం దాన్ని మోసింది, నాకు ముందు పుట్టి పోయిన అక్కలు మోశారు, వారసత్వంగా నాకు వచ్చింది. కాపాడమని చేసిన చేతికి, ఎవరిని కాపాడాలో చూసుకునే కన్ను కూడా పెట్టి ఉండకూడదా? చేసినవాడి మీద భక్తి లేక కాదు. ఉండబట్టే అడుగుతున్నాను.

ముందు నా రూపం చెబుతాను. నా కథంతా అందులోనే ఉంది. రెండు చేతులు పైకెత్తి, రెండు కాళ్ళూ దగ్గరగా చేర్చి నిలబడ్డ మనిషిని ఊహించుకోండి. అదే నేను. రెండు పొడుగు గొలుసులు, రెండు పొట్టి గొలుసులు, వాటిని కలిపి బిగించిన గంధకపు ముడులు. నడుము దగ్గర మెత్తగా వంగే మడత ఉంది కాబట్టి చేతులు ఎటైనా చాచగలను. అరచేతుల్లో మాత్రం నాదంటూ ఒక వంపు ఉంది. ఆ వంపులో సరిగ్గా ఇమిడేదాన్నే పట్టుకుంటాను, మిగతావాటిని వదిలేస్తాను. మా జాతిలో అరచేతులు కోట్ల రకాలు. కాళ్ళు మాత్రం నాలాంటివాళ్ళందరికీ ఒకే అచ్చు. కాళ్ళకి రెండు పనులున్నాయి. చేతులు దేన్నైనా పట్టుకుంటే, మింగేసే కణాలను పిలవాలి. కాళ్ళ మధ్య అతికించి ఉన్న చిన్న చక్కెర ముక్క లేకపోతే ఆ పిలుపు వాళ్ళకి అందదు. రెండో పని, తల్లికీ కడుపులో బిడ్డకీ మధ్య ఉన్న మాయ అనే తలుపు తెరిపించడం.

ఆ తలుపు దగ్గర కాపలావాళ్ళు కాళ్ళే చూస్తారు. చేతులు దేన్ని పట్టుకోబోతున్నాయో చూడరు.

నేను పుట్టింది పలాసలో, జీడిపిక్కలు కొట్టే నీలవేణి ఎముకల మూలుగలో. అంతకుముందు జరిగింది మా అక్కలు చెప్పారు. పెళ్ళయిన ఏడాదికి ఆమెకు కడుపొచ్చి, నాలుగో నెలలో పోయింది. ఆ బిడ్డది తండ్రి సింహాద్రి పోలిక. అతని ఎర్ర కణాల మీద ఒక గుర్తు ఉంది. మనుషుల్లో చాలామందికి ఉండేదే, డాక్టర్లు పాజిటివ్ అంటారు. నీలవేణి కణాల మీద అది లేదు. పోతూ పోతూ ఆ బిడ్డ కాస్త నెత్తురు తల్లి ఒంట్లో వదిలిపోయింది. ఎన్నడూ చూడని గుర్తు కదా, ఆమె ఒంట్లోని కాపలా కణాలు దాన్ని శత్రువనుకున్నాయి. మొదట తయారైనవాళ్ళు ఐదుగురేసి కాళ్ళు ముడేసుకున్న పెద్ద గుంపులు. వాళ్ళకి మాయ తలుపు తెరుచుకోదు. తరవాత మేం పుట్టాం. విడివిడిగా ఉంటాం. మాకు తెరుచుకుంటుంది.

ఒక్క సూది వేసి ఉంటే మేం పుట్టేవాళ్ళమే కాదేమో. ఆ నెత్తుటిని ఒంటికి తెలిసేలోగా ఊడ్చేసే మందు ఉంది. కానీ నీలవేణిని ఎవరూ ఆస్పత్రికి తీసుకెళ్ళలేదు. వాళ్ళ వాడలో ఒక పట్టింపు ఉంది. నలుగురికీ తెలియకముందే పోయిన కడుపు కడుపు కాదు. దాన్ని తలిస్తే, పోయినది వెనక్కి తిరిగి చూసి తరవాతిదాన్ని కూడా పిలుచుకుపోతుందంటారు. అత్త అసిరమ్మ కోడలికి పసుపునీళ్ళు పోసి, "అయిపోనాది. ఇంక దాని మాట నోట్లోకి రానీకు," అంది. ప్రేమగానే అంది. ఈ కథలో చెడ్డ మనసుతో ఎవరూ ఏమీ చెయ్యలేదు, నాతో సహా.

కొన్నాళ్ళకి నీలవేణికి మళ్ళీ నెల తప్పింది. ఆస్పత్రిలో నర్సు మేరీరత్నం అడిగింది.

"ఎన్నో కానుపమ్మా?"

"ఇదే తొలిచూలు," అంది అసిరమ్మ, కోడలు నోరు తెరిచేలోగా.

"నీ కోడలిది నెగెటివ్ నెత్తురు. ముందేదైనా పోయిందా?"

"నీ నోట మంచిమాట రాదేటమ్మా? కడుపుతోటున్న ఆడగుంటని పట్టుకొని!"

మేరీరత్నం నవ్వేసి ఊరుకుంది. తొలి కానుపే కదా, పురుడయ్యాక సూది వేద్దాం అనుకున్నారు. నీలవేణి గుండె ఎంత వేగంగా కొట్టుకుందో నెత్తుటిలో ఉన్న మా అక్కలకి తెలుసు.

ఏడో నెలలో నేను పుట్టాను. తలుపు దగ్గర నా పక్కన ఇంకొకటి నిలబడి ఉంది. చిన్నప్పుడు నీలవేణికి అమ్మవారు పోసినప్పుడు మొదలైన వంశం దానిది. "బిడ్డకి అమ్మవారు సోకకుండా కాపలాకి పోతున్నాను. మరి నువ్వు?" అని అడిగింది.

"నేనూ కాపలాకే," అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. తలుపు ఇద్దరి కాళ్ళూ తడిమింది. ఇద్దరినీ ఒకే ఆదరంతో మోసుకెళ్ళి అవతల దింపింది.

దిగగానే నా చేతికి అది తగిలింది. తండ్రి గుర్తు. ఒక చేత్తో ఒక కణాన్ని పట్టుకున్నాను. నా అక్కలు పట్టుకున్న కణాలు అప్పటికే ప్లీహంలో మింగేసే కణాల పాలవుతున్నాయి. శత్రువులు ఎక్కడో కొందరు ఉంటారనుకున్నాను. చుట్టూ చూస్తే ప్రతి ఎర్ర కణం మీదా అదే గుర్తు. ఇంటినిండా శత్రువే అయితే, ఆ ఇల్లు ఎవరిది? అప్పుడు అర్థమైంది. కానీ పట్టు వదలడం నా చేతికి రాదు.

బిడ్డ కదలిక తగ్గింది. పిక్కలు కొడుతున్న నీలవేణి చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ స్కానింగు చూసి, "బిడ్డ ఒంట్లో నీరు చేరుతోంది, తొలి కానుపులో ఇలా ఎందుకవుతోంది?" అంది. మేరీరత్నం మళ్ళీ పాత ప్రశ్నే వేసింది. అసిరమ్మ మళ్ళీ పాత జవాబే మొదలుపెట్టింది.

"కాదు," అంది నీలవేణి. "ముందొకటి పోనాది. నాలుగో నెల."

"ఒలే! ఏటి సేత్తన్నావే! దాన్ని తలుత్తావా?"

"నోరు మూసుకుంటే ఇదీ పోద్ది అత్తా. అదొచ్చి పిలుస్తాదా? పిలవనీ. నాను మాటాడుకుంటాను దాంతోటి. అదీ నా పిల్లే గదా."

ఆ మాటతో కారణం దొరికింది గానీ, కాలం చేజారిపోయింది. హుటాహుటిన విశాఖపట్నం పంపారు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. పాలిపోయి పుట్టి, సాయంత్రానికి పసుపుపచ్చగా మారింది. నలిగిన కణాల నుంచి వచ్చే పసుపును కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి కాలేయం కడిగిపెట్టింది. బొడ్డు కోశాక ఆ ఆసరా పోయింది. ఆ పసుపు మెదడుకెక్కితే పిల్ల దక్కదు. ఒంట్లో నెత్తురు కొంచెం కొంచెంగా తీసేసి, ఆ గుర్తు లేని నెత్తురు ఎక్కించాలన్నారు. ఓ నెగెటివ్ గ్రూపు కావాలి. ఆ పూట ఎక్కడా దొరకలేదు.

సింహాద్రి తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. చివరికి వచ్చినవాడు లారీ డ్రైవరు గున్నేసు. ఒకసారి ప్రమాదంలో నెత్తురు దొరక్క చావుదాకా వెళ్ళొచ్చినవాడు కాబట్టి తనది ఏ గ్రూపో వాడికి బాగా తెలుసు. వాణ్ణి చూసి అసిరమ్మ ఏడుపులోనే విసుక్కుంది.

"నువ్వా? నీ నెత్తుట్లో సారా తప్ప ఏటుందిరా?"

"మానీసి ఏళ్ళయింది పెద్దమ్మా. అడుగున నీ పాలుంటాయి, ఎతుక్కో."

గున్నేసు తల్లి పురిట్లోనే పోయింది. అప్పటికి సింహాద్రి చంటివాడు. అసిరమ్మ ఒక పక్క కొడుకునీ, ఒక పక్క పక్కింటి పసివాణ్ణీ పెట్టుకుని పాలిచ్చి బతికించింది. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. వాడు ఎన్నడూ మరవలేదు.

పరీక్షలన్నీ అయ్యాక పిల్ల బొడ్డులో సన్నటి గొట్టం పెట్టి పని మొదలుపెట్టారు. కొంచెం తీయడం, కొంచెం ఎక్కించడం. గున్నేసు కణాలు నా పక్కనుంచి వెళ్ళాయి. నా రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. అలవాటుగా చాచాను. ఒకదాని మీదా పట్టు దొరకలేదు. నునుపుగా జారిపోయాయి. ఈ ఒంట్లోకి వచ్చాక మొదటిసారి నా చేతికి చెయ్యడానికి పని లేదు. దాన్ని ఆనందమంటారో ఏమో నాకు తెలియదు.

నా వంతు వచ్చింది. పట్టుకున్న కణంతో సహా గొట్టంలోంచి బయటికి వచ్చి చెత్త సంచిలో పడ్డాను. అందరం రాలేదు. ఒంటి మూలల్లోకి వెళ్ళిపోయినవాళ్ళు ఇంకా లోపలే ఉన్నారు. వాళ్ళ ఆయుష్షు తీరేదాకా పిల్లకి గండం తప్పదు. బతుకుతుందని డాక్టరమ్మ అంది. చెవులు వినిపిస్తాయో లేదో ఇప్పుడే చెప్పలేమని కూడా అంది. నీలవేణి తల ఊపింది.

నా సందేహం తీరలేదు. దేవుడు తలుపు చేసింది తల్లి కాపుదల బిడ్డకి చేరాలనే. అందులోంచే నేనూ వెళ్ళాను. జవాబు చెప్పేవాళ్ళు ఈ సంచిలో లేరు. చల్లబడుతున్నాను. ముడులు ఒక్కొక్కటే సడలుతున్నాయి.

సంచి మూతి కట్టేలోగా గుమ్మం బయటి మాటలు వినబడ్డాయి. గున్నేసు మోచేతి దగ్గర దూది అదిమిపట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. అసిరమ్మ వాడి నోటి దగ్గర టీ గ్లాసు పట్టుకుంది.

"పెద్దమ్మా, చెల్లిపోనాదా?" అని అడిగాడు వాడు, నవ్వుతున్నట్టే.

ఆమె దాన్ని అప్పని ఎన్నడూ అనుకోలేదు. కానీ వాడి మొహం చూసి, కాదనలేకపోయింది.

"చెల్లిపోనాదిరా అయ్యా," అంది. "చెల్లిపోనాది. తాగు."