చీకటిగదిలో మొక్క

“మళ్లీ ఆ గదిలో మొక్క పెట్టినావా? టిఫిన్ యాడ?” అన్నాడు నా భర్త సుధీర్. పెనం మీద దోసె మాడుతోంది, చేతినిండా పిండి. ఏ ప్రశ్నకని ముందు జవాబివ్వను! గండికోట లోయ నుంచి తెచ్చిన మొక్క అది. డీఎన్‌ఏ తీసేముందు రెండురోజులు చీకట్లో ఉంచితే ఆకులో పిండిపదార్థం తగ్గుతుంది. కడపలో మా ఇంట్లో చీకటంటే వంటింటి వెనక గదే.

మా అత్తమ్మ రామసుబ్బమ్మను నెలకు మూడురోజులు కూర్చోబెట్టిన గది. ఆమె పోయి ఏడాదైంది. నిన్న మొక్కను పెట్టి గడియ వేస్తుంటే లోపల ఎవరో దగ్గినట్టయింది. గడియ సగంలో వదిలేసి వంటింట్లోకి పరుగెత్తాను, అబద్ధమెందుకు. “లోపల్నుంచి పిలిచినా ఎవురూ పలికేవోళ్లు కాదు మధూ. మూడోనాటికి నేను ఉండానో లేదో నాకే అనుమానమొచ్చేది” అనేది ఆమె.

రెండేళ్ల కిందట ఈ జాతి మొక్క హరితరేణువులోని డీఎన్‌ఏ మొత్తం వరుసను, అంటే జీనోమ్‌ను కూర్చింది నేను. పాత యంత్రం డీఎన్‌ఏను చిన్న తునకలుగా చదివేది. ఒకేలాంటి భాగం రెండుచోట్ల ఉంటే ఏ తునక ఎక్కడిదో తేలేది కాదు. కుక్కర్ విజిళ్ల మధ్య, పిల్లదాని హోంవర్కు మధ్య నెలల తరబడి అతికించాను. అచ్చయిన పరిశోధన పేపర్ మీద మాత్రం మా కాలేజీలోనే పనిచేసే సుధీర్ పేరొక్కటే. “ఇంట్లో మనిషికి పేరెందుకబ్బా!” అని నవ్వాడు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

ఇప్పుడు పొడవుగా చదివే కొత్త యంత్రం ఎంత మేలో తేల్చమని కాలేజీ నాకు అప్పగించింది. మొదటి మొక్కలోనే బయటపడింది, పాత కూర్పులో ఒక ముక్క తప్పు చోట ఉంది. ఏ విజిల్‌కు లేచిపోయి అట్లా అతికించానో! నమ్మలేక ఈ రెండో మొక్కను చీకట్లో పెట్టాను. పదిరోజులకు అదీ అదే చెప్పింది.

“పాతదీ కొత్తదీ ఒకటేనని రాసెయ్, పోతాది” అన్నాడు సుధీర్. “ప్రమోషన్ ముందర నా పరువు తీస్తావా? తప్పంటే ఎవురిదంటారు? నాదే కదా!”

లేచి వెనక గది తలుపు తీశాను. ఖాళీ కుండీ ఉంది. మళ్లీ అదే దగ్గు వినబడింది. ఈసారి భయం వేయలేదు, ఏడుపొచ్చింది. “ఉన్నాను అత్తమ్మా” అని గట్టిగా పలికాను. హాల్లోంచి సుధీర్ “ఎవురితో మాట్లాడతాండావు?” అన్నాడు.

వచ్చి కూర్చుని రిపోర్టులో చివరి మాట రాశాను.

“పాత కూర్పులో తప్పుంది. ఆ తప్పు సుధీర్‌ది కాదు, నాది. ఆ పని మొత్తం చేసింది నేనే.”